‘నేనేం చేశాన్రా?’ అని అడిగే నాన్నకు ఏం చెప్పాలి

బాబూ, వందనాలు.

నీ ప్రశ్న నిదానంగా చదివాను. మీ నాన్నగారు చాలా ఏళ్లుగా సంఘ పెద్ద. ఒకరి రూపాయి ముట్టుకున్న మనిషి కాదు. ఇప్పుడు రెండు కిడ్నీలూ పాడై, తిరుపతిలో వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి తిరుగుతున్నారు. ప్రార్థనకు వచ్చినవాళ్లలో ఒకాయన "దాచిన పాపమేదో ఉంది, ఒప్పుకుంటే విడుదల" అన్నాడు. ఇంకొకరు మీ ఇంట్లో విశ్వాసం చాల్లేదన్నారు. పక్కింటి పెద్దావిడ పూర్వజన్మ కర్మ అంది. వచ్చే వారం స్వస్థత కూడికకు తీసుకెళ్దాం, ఆ పూట డయాలసిస్ మానిపించండి అని కూడా ఎవరో సలహా ఇచ్చారు. ఇక నాన్నేమో రాత్రిళ్లు నిద్రపట్టక "నేనేం చేశాన్రా?" అని నిన్నే అడుగుతున్నారు. దీనికి బైబిల్ నిజంగా ఏం చెబుతుంది అని నువ్వు రాశావు.

నేను పాస్టర్ని కాదు. తిరుపతిలోనే నర్సుగా చేసి రిటైరయ్యాను. చివరి ఏళ్లన్నీ డయాలసిస్ యూనిట్లోనే గడిచాయి. మా చర్చి స్త్రీల సమాజంలో చాలాకాలంగా బైబిల్ పాఠం చెబుతున్నాను.

ముందు అర్జెంటు విషయం. ఏ కూడిక కోసమూ డయాలసిస్ మానిపించొద్దు. ఒక్క పూట తప్పినా ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి చేరొచ్చు, పొటాషియం పెరిగి గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. చూడటానికి వచ్చేవాళ్లు ప్రేమతో కొబ్బరిబొండాలు, అరటిపండ్లు, బత్తాయిలు తెస్తారు. వాటి నిండా పొటాషియమే. తీసుకుని, థాంక్స్ చెప్పి, మీరు తినండి. నాన్నగారి చేతిలో ఫిస్టులా ఉంది కదా, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు, వేలు పెట్టి చూస్తే గుర్రుమని అదురు తెలుస్తుంది. ఆ చేతికి బీపీ చూడకూడదు, డయాలసిస్‌కి తప్ప సూది గుచ్చకూడదు, ఎవరూ గట్టిగా పట్టుకోనూ కూడదు. ఒకసారి మా వార్డులో ఒకాయన ప్రార్థన ఊపులో పేషెంటు ఫిస్టులా చేతినే బిగించి పట్టుకుని ఊపేస్తుంటే, ఆమెన్ దాకా ఆగకుండా వెళ్లి విడిపించాను. కళ్లు తెరిచి ఎర్రగా చూశాడు. ఆయన ఉద్దేశం మంచిదే, పేషెంటుకే నొప్పి.

ఇక బైబిల్ సంగతి. మంచివాళ్లకు కష్టమెందుకు అన్నదానికి అందరికీ అతికే జవాబు బైబిల్లో ఒక్కటి కూడా లేదు. ఉందని ఎవరైనా అంటే వాళ్లు కొన్ని పేజీలు దాటేసి చదివారని అర్థం. అయితే మంచం పక్కన నిలబడి "నీకిది ఇందుకే వచ్చింది" అనేవాళ్ల మీద మాత్రం ఆ పుస్తకానికి చాలా కోపం ఉంది. అది మొత్తం యోబు గ్రంథంలో కనిపిస్తుంది. ఏ తప్పూ చేయని యోబు ఆస్తినీ, పిల్లల్నీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న కథ అది.

యోబు అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండే. మొదటి అధ్యాయంలో "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను", చివరి అధ్యాయంలో రెండింతలైన ఆస్తి. మొదటిది సమాధి దగ్గర చదువుతారు, రెండోది సాక్ష్యాల కూడికలో. ఉన్నవేమో 42 అధ్యాయాలు. మూడో అధ్యాయంలోనే యోబు తాను పుట్టిన రోజును శపించుకుంటాడని, ఏడో అధ్యాయంలో "కనీసం గుటక వేసేదాకా అయినా నన్ను వదలవా" అని దేవుణ్ని నిలదీస్తాడని మన ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నావు?

ఎలీఫజు, బిల్దదు, జోఫరు చెడ్డవాళ్లు కారు. స్నేహితుడి కష్టం విని దూరం నుంచి వచ్చారు. అతణ్ని పోల్చుకోలేక బావురుమన్నారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు. నోరు తెరిచాకే చెడింది. ఎలీఫజు మర్యాదగానే మొదలుపెడతాడు: "నిరపరాధియైన యొకడు ఎప్పుడైన నశించెనా?" తన మాటకు బలం కోసం రాత్రి తనకొక దర్శనం వచ్చిందంటాడు, ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయంటాడు. "దేవుడు నాకు చూపించాడు" అనేవాళ్లు మన కాలంలోనే పుట్టలేదన్నమాట. బిల్దదు ఇంకో అడుగు వేసి, పోయిన పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే పోయారు అంటాడు. పదిమంది పిల్లల్ని ఒకే రోజు పోగొట్టుకున్న తండ్రితో అనే మాట అది! నీ దోషానికి తగినంత కూడా దేవుడు నిన్ను శిక్షించలేదని జోఫరు వంతు.

యోబు ఒప్పుకోడు. అతను ఒప్పుకోనికొద్దీ వీళ్లకు పట్టుదల పెరుగుతుంది. 22వ అధ్యాయానికి వచ్చేసరికి ఎలీఫజు ఏకంగా చిట్టా చదువుతాడు. సోదరుల దగ్గర ఊరికే తాకట్లు పెట్టించుకున్నావు, దప్పికతో వచ్చినవాడికి నీళ్లివ్వలేదు, విధవరాళ్లను వట్టి చేతులతో పంపేశావు అని. ఒక్కదానికీ రుజువు లేదు. యోబు యథార్థవంతుడని దేవుడే అన్న మాట మొదటి అధ్యాయంలో మనం చదివాం కానీ అది ఎలీఫజు చెవిన పడలేదు. కష్టమొచ్చినవాడు పాపి అయి తీరాలన్న లెక్క తప్పకూడదు కాబట్టి, లేని పాపాలు పుట్టించాడు. మీ ఇంటికొచ్చి "దాచిన పాపం" అన్నాయన చేసిందీ ఇదే. ఆయనేమీ కళ్లారా చూడలేదు, కిడ్నీలు పోయాయి కాబట్టి ఏదో ఉండి తీరాలని ఊహించాడు, అంతే.

ఇలాంటివాళ్లకు యోబు ఇచ్చిన జవాబు 16వ అధ్యాయంలో ఉంది: "మీరందరు బాధకే కర్తలుగాని ఆదరణకు కర్తలు కారు." యోబు గ్రంథం చివరి అధ్యాయం, అంటే 42లో ఏడో వచనం నాన్నగారికి తప్పకుండా చదివి వినిపించు. దేవుడు ఎలీఫజును పేరు పెట్టి పిలిచి, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నాకు కోపం మండుతోంది, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి సరైనది పలకలేదు అంటాడు. ఎంత విడ్డూరమో చూడు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడినవాళ్లది తప్పయింది, దేవుడి అంబులు నాలో దిగాయి అని అరిచినవాడిది ఒప్పయింది. పైగా ఆ ముగ్గురూ ఏడు ఎడ్లు, ఏడు పొట్టేళ్లు తీసుకుని యోబు దగ్గరికే వెళ్లాలి, అతను వాళ్ల కోసం ప్రార్థన చేయాలి. ఎవరు ఎవరి కోసం ప్రార్థించాల్సి వచ్చిందో నాన్నగారికి నచ్చుతుంది.

ఈ కథలో నాకు మింగుడుపడనివి కూడా ఉన్నాయి, నీ దగ్గర దాచను. సాతాను అడిగాడని దేవుడు యోబును అతని చేతికి అప్పగించడం నాకు ఈనాటికీ కష్టంగానే ఉంటుంది. చివర్లో గొర్రెలు 7,000 పోయి 14,000 వచ్చాయి, ఒంటెలు 3,000 పోయి 6,000 వచ్చాయి, సరే. పిల్లలు మళ్లీ పదిమందే పుట్టారు. మొదటి పదిమంది తిరిగి రాలేదు. రెండింతల ఆశీర్వాదం గురించి ప్రసంగించేవాళ్లు ఈ లెక్క దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గిస్తారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎవరైనా ఎదురుగా కూర్చుని వింటుంటే నేనైతే ఆ ప్రసంగం చేయలేను.

కానీ సాతాను వేసిన ప్రశ్న మాత్రం గట్టిది: యోబు ఊరకే దేవుడికి భయపడుతున్నాడా? అంటే గిట్టుబాటు ఉంది కాబట్టే భక్తి అని. సాతానూ, ముగ్గురు స్నేహితులూ ఇక్కడ ఒకే బడిలో చదివారు. భక్తి ఉంటే లాభం రావాలి, లాభం పోయిందంటే భక్తిలో తేడా ఉంది. మొక్కు, ఫలం అన్న మాటలు మన తిరుపతి గాలిలోనే ఉన్నాయి. చర్చికెళ్లే మనం వాటికి దశమభాగం, ఆశీర్వాదం అని పేర్లు మార్చుకున్నాం. మీ నాన్నగారు డయాలసిస్ కుర్చీలో కూర్చుని, దేవుడి మీద అలిగి కూడా దేవుణ్ని వదలకుండా ఉన్నారంటే సాతాను ప్రశ్నకు అదే జవాబు. అది ఆయనకు ఎవరైనా చెప్పారా?

దేవుడు 38వ అధ్యాయంలో సుడిగాలిలోంచి మాట్లాడతాడు కానీ "ఎందుకు" అన్నదానికి ఒక్క ముక్క చెప్పడు. సాతాను సంగతి కూడా యోబుకు ఆఖరిదాకా తెలియదు. అడవి గాడిద, నిప్పుకోడి, నీటిగుర్రం, మకరం, ఇవన్నీ చూపిస్తాడు. మనుషులే లేని ఎడారిలో వాన కురిపించేదెవరు అని అడుగుతాడు. వాన లేక బోర్లు వేసి వేసి అప్పులపాలైన మన చిత్తూరు రైతు ఈ వచనం చదివితే ముందు కోపమే వస్తుంది. నాకూ వచ్చింది. లోకం నా ఒక్కడి కష్టసుఖాల చుట్టూ తిరగడం లేదని యోబుకు అక్కడ తెలిసొచ్చింది. దాంతో అతనికి నెమ్మది కలిగింది. అందరికీ కలగాలని లేదు.

నీతో "పాపం" అన్నవాళ్ల చేతిలో కూడా వచనాలున్నాయి, అవి లేవన్నట్టు నటించడం సరి కాదు. ద్వితీయోపదేశకాండం 28లో విధేయతకు దీవెన, అవిధేయతకు శాపం వరసగా ఉన్నాయి. యోహాను 5లో స్వస్థపడినవాడితో యేసు, ఇక పాపం చేయకు అన్నాడు. 37వ కీర్తనలో దావీదు, చిన్నవాణ్ని ముసలివాణ్నయ్యాను, నీతిమంతులు విడువబడడం చూడలేదు అంటాడు. దావీదు చూడలేదేమో, నేను చూశాను, మీ చర్చిలో అందరూ చూశారు, ప్రసంగి గ్రంథం రాసినాయనా చూశాడు: నీతిమంతుడు నీతిలోనే నశిస్తాడు, దుష్టుడు దుష్టత్వంలోనే చాలాకాలం బతుకుతాడు అని ఏడో అధ్యాయంలో రాశాడు. బైబిల్ తనలో తాను వాదించుకునే పుస్తకం. ఒక పక్షం మాటలే ఏరి రోగి మీద విసిరేవాడు దాన్ని సగమే చదివాడు. తాతల పాపం, వంశ శాపం అని ఎవరైనా మొదలుపెడితే యెహెజ్కేలు 18 తెరువు. తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయన్న సామెత ఇక మీ నోట రాకూడదని దేవుడే అక్కడ అంటాడు.

నర్సుగా ఒక మాట. శరీరానికి సంబంధించిన "ఎందుకు"కి చాలాసార్లు జవాబు దొరుకుతుంది. మన దగ్గర కిడ్నీలు దెబ్బతినడానికి షుగరు, బీపీ పెద్ద కారణాలు. ఏళ్ల తరబడి మెడికల్ షాపులో అడిగి వేసుకున్న నొప్పి మాత్రలూ దెబ్బ తీస్తాయి. నాన్నగారికి షుగరో బీపీయో ఉంటే నువ్వు ఇప్పుడే పరీక్ష చేయించుకో. ఎలీఫజు మాటలకన్నా నీకు ఇది ఎక్కువ పనికొస్తుంది.

యేసు దగ్గరికి కూడా ఇదే ప్రశ్న వచ్చింది. పుట్టుగుడ్డివాణ్ని చూసి, ఎవరు పాపం చేశారు, వీడా వీడి కన్నవారా అని శిష్యులు అడిగారు. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడాయన. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోతే, యెరూషలేములో మిగతావాళ్లందరికంటే వాళ్లు అపరాధులనుకుంటున్నారా, కాదు అన్నాడు. గుడ్డివాడి దగ్గర ఎక్కువసేపు చర్చ నడపలేదు. పగలున్నప్పుడే పని చేయాలి అంటూ ఉమ్మితో బురద చేసి కళ్లకు పూశాడు. ఈ విషయంలో నాకు మన పక్కనే ఉన్న వేలూరు గుర్తొస్తుంది. ఒకే రాత్రి ముగ్గురు గర్భిణులు ఆడ డాక్టరు లేక చనిపోవడం చూసిన ఐడా స్కడర్, అమెరికా వెళ్లి డాక్టరై వచ్చి 1900లో వేలూరులో ఒక చిన్న మందులశాల మొదలుపెట్టింది. అప్పటికి చిత్తూరూ వేలూరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లా. అదే సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి అయింది. చిత్తూరులో ఏ ఇంటిని అడిగినా ఎప్పుడో ఒకప్పుడు ఆ ఆసుపత్రి మెట్లెక్కినవాళ్లు ఉంటారు. ఆ ముగ్గురూ ఎందుకు చనిపోవాలో ఆమె వివరించలేదు, ఆసుపత్రి కట్టింది.

విశ్వాసం చాల్లేదన్నవాళ్లకు అపొస్తలుల కార్యాలు 12 చాలు. అధ్యాయం మొదట్లోనే హేరోదు రాజు అపొస్తలుడైన యాకోబును కత్తితో చంపించాడు. అదే అధ్యాయంలో పేతురును దూత వచ్చి చెరసాల నుంచి బయటికి తెచ్చాడు. ఒకే సంఘం, ఒకే దేవుడు. యాకోబుకు విశ్వాసం తక్కువైందని ఆ పుస్తకం రాసిన లూకా ఒక్క మాట రాయలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తీసేయమని ముమ్మారు వేడుకున్నాడు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది కానీ ముల్లు పోలేదు. తన తోటి పనివాడు త్రోఫిమును జబ్బుగా ఉంటే మిలేతులో వదిలి రావాల్సి వచ్చింది. తిమోతికి కడుపు జబ్బైతే స్వస్థత కూడికకు రమ్మనలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. హెబ్రీ 11లో కత్తి నుంచి తప్పించుకున్నవాళ్లూ, కత్తితో నరకబడ్డవాళ్లూ ఒకే పట్టికలో ఉన్నారు, అందరూ విశ్వాసులే.

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దానం కార్డు నాన్నగారి మందుల డబ్బాకు అతికించానని రాశావు. యిర్మీయా 29:11, సమాధానకరమైన ఉద్దేశాలు. చిరాకుపడకుండా ఆ పై వచనం కూడా చూడు. అది బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన జనానికి రాసిన ఉత్తరం. 70 ఏళ్ల తర్వాత తిరిగి రప్పిస్తానని అందులో ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది అక్కడే మట్టిలో కలిసిపోయి ఉంటారు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, అక్కడే బతకండి అని కూడా రాసింది వాళ్లకే. కార్డు తీసేయమనను. ఈ సంవత్సరమే కిడ్నీలు బాగవుతాయని మాత్రం ఆ వచనం మాటివ్వలేదు.

పక్కింటి పెద్దావిడతో వాదం పెట్టుకోకు. బైబిల్లో పూర్వజన్మ లేదు, ఆమెకు అది తెలియాల్సిన పనీ లేదు. మన జిల్లాలో ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం ఆడేటప్పుడు, అడవుల పాలైన పాండవుల్ని చూసి కళ్లు తుడుచుకునే ఆడవాళ్లలో ఆమె కూడా ఉండి ఉంటుంది. మంచివాడికి కష్టం వస్తుందని ఆమెకూ తెలుసు, నోటికి అలవాటైన మాట అనేసింది.

ఇక నాన్నగారికి ఏం చెప్పాలి. "నేనేం చేశాన్రా?" అంటే "నువ్వేం చేయలేదు నాన్నా" అను. "మరెందుకు?" అంటే "నాకు తెలీదు" అను. అబద్ధం కన్నా అది నయం. ధైర్యంగా ఉండమని, ఏడవొద్దని చెప్పకు. "ఏడ్చువారితో ఏడువుడి" అని పౌలు రాశాడు, ఏడ్చేవాణ్ని ఆపమని కాదు. లాజరు సమాధి దగ్గర కాసేపట్లో అతన్ని లేపబోతున్న యేసే కన్నీళ్లు పెట్టుకున్నాడు.

ఆయనకు నిద్రపట్టని రాత్రి 88వ కీర్తన చదివిపెట్టు. చాలా కీర్తనల్లో ఆఖర్న ఎక్కడో ఒక ఆశ తగులుతుంది, దీంట్లో అదీ ఉండదు, చీకటిలోనే ముగుస్తుంది. అలాంటిదాన్ని కూడా ఆరాధనలో పాడుకోవడానికి దాచి ఉంచారు. మొదట్లో కొందరు బెదురుతారు కానీ, నా అనుభవంలో చాలామంది "నాలాంటివాడు ఇందులో ఉన్నాడు" అని తేలికపడ్డారు. తర్వాత 22వ కీర్తన: "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" సిలువ మీద యేసు పలికింది అదే. ఆయన "ఎందుకు" అని అడిగాడు, ఆ క్షణంలో పైనుంచి జవాబు వచ్చినట్టు సువార్తల్లో లేదు. మూడో రోజు, ఆదివారం ఆయన తిరిగి లేచిన సంగతి మనకు తెలుసు, దాని మీదే మన నిరీక్షణ. కానీ శుక్రవారం నాటి కేకను ఆదివారం పేరు చెప్పి నొక్కేయకూడదు. నాన్నగారు అడుగుతున్నది యేసు అడిగిన ప్రశ్నే. అది అవిశ్వాసం అని ఎవరైనా అంటే సువార్త చూపించు.

చివరిగా, వచ్చేపోయేవాళ్ల సంగతి. యాకోబు పత్రిక 5వ అధ్యాయం చూపించి ఒప్పుకోలు అడుగుతారు. అక్కడ "పాపములు చేసినవాడైతే" అని ఉంది, చేసి తీరాడని లేదు. ఇంకొకటి, సంఘపు పెద్దలను పిలిపించాల్సింది రోగి అని అదే వచనాల్లో ఉంది. కాబట్టి ఎవరు రావాలో నాన్నగారినే అడుగు. ఆయన చెప్పిన పేర్లు మీ పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పు, డయాలసిస్ లేని రోజు సాయంత్రం రమ్మను. మిగతావాళ్లకు "నాన్న పడుకున్నారు అన్నా, మీ ఇంటి దగ్గరే ప్రార్థన చేయండి" అని గేటు దగ్గరే చెప్పేయి. అమ్మకు మొహమాటం ఉంటుంది, ఆ మాట నువ్వే చెప్పాలి.